రుచిచూడు మామయ్య నల్లపళ్ళ రసం

ఆయన చేతిలో పండు ఉన్నప్పుడు ఎదురుపడకూడదని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఎదురుపడితే తినాలి. తిన్నాక బాగుందనాలి. ఊరికే బాగుందంటే ఒప్పుకోడు. నిరుటి కాపు కన్నా బాగుందా, బజార్లో దొరికేదాని కన్నా తీపి ఎక్కువా, తొక్క పల్చగా ఉందా లేదా అని అడుగుతూ, నోట్లో ముక్క కరిగేదాకా మొహంలోకే చూస్తూ నిలబడతాడు. పులుపుకి దవడలు లాగేస్తున్నా సరే, తలూపి రెండు మంచి మాటలు చెబితేగానీ కదలనివ్వడు. "రుచి చూడు" అన్నదే ఆయన పలకరింపు. పిల్లలు ఆ మాటనే పేరుగా చేసి రుచిచూడు మామయ్య అన్నారు. పెద్దవాళ్ళు చాటున అదే అనేవారు, ఎదుట మాత్రం మేస్త్రీ అనేవారు.

వృత్తికి ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. తాడు మార్చినా, బ్రేకు బిగించినా, ఖాళీ లిఫ్టులో తనొక్కడే కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ రెండుసార్లు తిరిగి వచ్చాకగానీ ఇంకో మనిషిని అందులో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. సంచులు మోసుకుంటూ నిలబడ్డవాళ్ళు విసుక్కున్నా, ఏడో అంతస్తు పెద్దాయన శాపనార్థాలు పెట్టినా వినేవాడు కాదు. పోతే నా ప్రాణం పోతుంది, మీ ప్రాణాలు నా చేతుల మీద ఎందుకు అనేవాడు. పనిలో అంత ముందుచూపున్న మనిషి, పెరట్లోకి రాగానే ఆ ముందుచూపుని చెప్పులతో పాటు గడప బయటే విడిచేవాడు.

ఇల్లు కొన్న కొత్తలో పెరడంటే విరిగిన ఇటుకలూ, సున్నం పెళ్ళలూ, తుప్పు పట్టిన ఒక నీళ్ళ ట్యాంకూ. సెలవు దొరికిన రోజల్లా తవ్వి తవ్వి నేల తేల్చాడు. వంటింటి గోడ వార అంజూర పెట్టాడు. మూలన దానిమ్మ, గేటు పక్కన మల్బరీ, తొట్టిలో నిమ్మ. ద్రాక్ష తీగకి పందిరి కావలసివస్తే, సర్వీసు అయిపోయి పారేసిన లిఫ్టు తాళ్ళు తెచ్చి స్తంభాల మధ్య బిగించాడు. ఏనుగు ఊగినా తెగని పందిరి అది. గుప్పెడు పుల్లటి ద్రాక్ష కోసం అంత పందిరా అని భార్య నవ్వేది.

ఎల్డర్‌బెర్రీ మాత్రం అనుకోకుండా వచ్చింది. ఒక పెద్ద మేడలో లిఫ్టు బాగుచెయ్యడానికి వెళితే అక్కడి తోటమాలి కొమ్మలు కత్తిరించి పారేస్తున్నాడు. ఏం చెట్టని అడిగితే, మిరియాలంత నల్లటి పళ్ళు కాస్తుందనీ, రొంపకీ దగ్గుకీ దాంతో పాకం చేసుకుంటారనీ చెప్పాడు. ఒకటే నాటితే సరిగ్గా కాయదు, రెండు రకాలు పక్కపక్కన పెట్టు అని పెన్సిలంత పుల్లలు రెండు రకాలవీ ఇచ్చాడు. తడి నేలలో గుచ్చితే చాలు, బతికేశాయి. మూడో ఏటికి ఆయన తలను మించి పెరిగాయి. ఎండాకాలం మొదట్లో తెల్లటి పూలు పళ్ళాలు పరిచినట్టు విచ్చుకునేవి. ఆ తర్వాత గుత్తులు గుత్తులుగా నల్లబడి, బరువుకి తల కిందికి వాల్చేసేవి. వీధి మొత్తంలో ఇంకెవరికీ లేని చెట్టు. ఆయనకి అంతకన్నా ఏం కావాలి?

కోయడం వరకే ఆయన పని. కోసిన తట్టని వంటింటి గడప మీద దించేస్తే తన బాధ్యత తీరిపోయినట్టే. అక్కణ్ణుంచి భార్యది. ఆమె తలుపు వేసుకుని మరీ చేసుకునేది, ఎందుకంటే తలుపు తీసి ఉంటే ఆయన సలహాలు లోపలికి వచ్చేవి. సాయంత్రానికి సీసాల్లో చిక్కటి నల్లటి పాకం తయారయ్యేది. అది పంచేటప్పుడు మళ్ళీ ఆయనే ముందుండేవాడు. నా చెట్టు పాకం, రుచి చూడు. పంచుతూనే ఒక ఫిర్యాదు కూడా చేసేవాడు: మా ఆవిడ గంటలకొద్దీ ఉడికించి దీని సత్తువంతా కిటికీలోంచి బయటికి పంపించేస్తుంది, పచ్చిగా తాగితే చూడాలి దీని మహిమ అని. పండినవి ఒకటీ అరా తను ఎప్పుడూ నోట్లో వేసుకునేవాడే. ఏమీ కాలేదు.

ఆ ఏడు చెట్లు ఎన్నడూ కాయనంతగా కాశాయి. సరిగ్గా అప్పుడే భార్యకి, చెల్లెలి కంటి ఆపరేషన్ వచ్చి, శుక్రవారం ఊరెళ్ళవలసి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, గుత్తులు నల్లబడితే కోసి ఫ్రీజర్లో పెట్టమంది. తను వచ్చాక చూసుకుంటుంది, ఆయన ఇంకేమీ చెయ్యక్కర్లేదంది. ఆ ఆఖరి మాట ఆయనకి కాస్త గుచ్చుకుంది. నేను పెంచిన చెట్టు, నేను ఏమీ చెయ్యక్కర్లేదా?

ఆదివారం పొద్దున్నే రెండు బకెట్ల గుత్తులు కోశాడు. ఒక బకెట్టుకే ఫ్రీజరు నిండిపోయింది. రెండో బకెట్టు కేసి చూస్తూ కూర్చున్నాడు. వదిలేస్తే సాయంత్రానికి మెత్తబడిపోతాయి. ఒక్కసారి, జీవితంలో ఒక్కసారి, చెట్టు మీద ఉన్నది ఉన్నట్టుగా నలుగురి చేత తాగించాలని బుద్ధి పుట్టింది. వినాశకాలే విపరీతబుద్ధి అని ఊరికే అన్నారా.

భార్య అయితే ఒక్కో గుత్తినీ ఫోర్కుతో దువ్వి, పళ్ళు రాల్చి, ఆకుపచ్చవి ఏరేసి, ఒక్క కాడ లేకుండా చూసుకుంటూ పూటంతా కూర్చుంటుంది. ఆయన పది నిమిషాలు కూర్చున్నాడు. వేళ్ళు ఊదారంగుకి తిరిగాయి, గిన్నె అడుగు కూడా నిండలేదు. ఇదంతా చాదస్తం అని తీర్మానించి, గుత్తులు గుత్తులుగానే, కాడలతో సహా మిక్సీలో కుక్కాడు. కాడలో లేని బలం పండులోకి ఎక్కణ్ణుంచి వస్తుందని పైగా ఒక తర్కం. అదే తర్కంతో లేత ఆకులు కూడా రెండు గుప్పిళ్ళు వేశాడు. పల్చటి బట్టలో వడకట్టి, తేనె కలిపి, జగ్గు నిండా తయారు చేసి పెరట్లో బల్ల మీద పెట్టాడు. చూడ్డానికి ఎంత బాగుందో. ఆ రంగు చూసి ఆయన తన భుజం తనే తట్టుకున్నాడు.

తాగడానికి ముగ్గురు వచ్చారు. ఒకడు ఆయనతో పనిచేసే మెకానిక్కు. లిఫ్టు పనికి ఎప్పుడూ ఇద్దరు వెళ్ళాలి కాబట్టి, పదహారేళ్ళుగా ఈయన పక్కనే ఉన్న అతన్ని ఆఫీసులో అందరూ జోడీ అంటారు. రెండో ఆయన పక్కింటి దర్జీ. మూడో మనిషి ఆయన అక్క.

అక్క ఆయన కన్నా పన్నెండేళ్ళు పెద్దది. తల్లి పోయేనాటికి ఈయనకి నాలుగేళ్ళు, ఆమెకి పదహారు. చదువు మానేసి, బైండింగు షాపులో పుస్తకాలు కుట్టే పనిలో చేరి తమ్ముణ్ణి పెంచింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే వీడు చేతికి అందిరానీ అనేది. వీడు చేతికి అందివచ్చేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకపోయారు. ఇప్పుడు డెబ్భై దాటింది, గుండెకి మాత్రలు మింగుతోంది. రెండు వీధుల అవతల ఒక గదిలో ఉంటూ, ఆదివారం ఆదివారం తమ్ముడింటికి వస్తుంది. లోకంలో ఆయన ఎవరి మెప్పు కోసమైనా పాకులాడాడంటే అది ఆమె మెప్పు కోసమే.

గ్లాసు చేతికిస్తే ఆమె వెంటనే తాగలేదు. మరదలు దీన్ని కాచి కదా ఇస్తుంది అని అడిగింది. కాస్తే సత్తువ పోతుందక్కా, ఇదే అసలు సరుకు అని ఆయన పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. జోడీ ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. మేస్త్రీ ఇచ్చింది గబగబా మింగితేనే త్వరగా వదుల్తాడని అతని పదహారేళ్ళ అనుభవం. దర్జీ నిమ్మతొట్టి పక్కన నిలబడి ఖాళీ గ్లాసు చూపించి, అద్భుతం అన్నయ్యా అన్నాడు. అక్క కొంచెం కొంచెంగా తాగింది. ఆయన ఆమె మొహం మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"బాగుందిరా," అంది ఆమె, గ్లాసు కింద పెడుతూ.

ఆయన పొంగిపోయాడు. ఆమె వద్దనేలోగా రెండో గ్లాసు నింపేశాడు. జగ్గులో మిగిలిన అరగ్లాసు ఆఖరున తను తాగాడు. కాస్త చేదనిపించింది. సరే, మందన్నాక చేదుగా ఉండదా అనుకున్నాడు.

అరగంట గడిచిందో లేదో, జోడీ మాట మధ్యలో ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికి పరిగెత్తాడు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఒక్క గుక్కలో తాగితే అంతే మరి అంటున్నాడు. ఆ నవ్వు పూర్తవకముందే ఆయన కడుపులో ఏదో మెలితిప్పింది. లేచి నిలబడబోతే నేల పక్కకి వాలింది. ఆ స్థితిలో అక్క వైపు చూశాడు. ఆమె కుర్చీలోనే ఉంది. ఒళ్ళంతా వాంతి. పెదాలు తెల్లబడిపోయాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ అవి తమ్ముణ్ణి చూడడం లేదు. చెయ్యి పట్టుకుంటే ఐసులా ఉంది. అక్కా అంటే పలకలేదు. మళ్ళీ పిలిచాడు. ఆ పలకకపోవడం ఆయన జన్మలో ఎన్నడూ ఎరగడు. నిద్రలో పిలిచినా పలికే మనిషి ఆమె.

అదృష్టం కొద్దీ దర్జీకి ఏమీ కాలేదు. అతనే తన పాత కారు తీసి, ముగ్గుర్నీ అందులో వేసుకుని, బుద్ధి పుట్టి వడకట్టిన బట్టలో మిగిలిన పిప్పిని కూడా ఒక కవర్లో కట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కని స్ట్రెచరు మీద లోపలికి తోసుకుపోయారు. తలుపు రెక్కలు రెండూ ఊగి ఊగి ఆగాయి. తక్కిన ఇద్దరికీ బయటి వార్డులో సెలైన్లు పెట్టారు.

డాక్టరమ్మ చిన్న వయసుది. కవరు విప్పి చూసింది, చెట్టు పేరు అడిగింది, ఎవరికో ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఆమె తిరిగి వచ్చేసరికి ఆయన మంచం మీద లేచి కూర్చుని, చెట్టుకి ఒక్క చుక్క పురుగుమందు కూడా కొట్టలేదనీ, ఇరవై ఏళ్ళుగా పేడ, ఎండుటాకులు తప్ప ఏమీ వెయ్యలేదనీ, బట్ట కూడా ఉతికిందేననీ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు.

"మందు కాదండీ, చెట్టే," అంది ఆమె. "ఆకుల్లో, కాడల్లో, పచ్చి కాయల్లో విషం ఉంటుంది. పండులో కూడా గింజలో ఉంటుంది. బాగా ఉడికిస్తే పోతుంది. మీరు ఉడికించలేదు, పైగా ఆకులూ కాడలూ కలిపి రుబ్బారు."

నా చెట్టా? నా చేత్తో గుచ్చిన పుల్లా? డాక్టరమ్మ ఎంత తాగారని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటోంది. జోడీ ఒక గ్లాసు, ఈయన అర, లోపల ఉన్న ఆమె రెండు. రెండు అన్నప్పుడు డాక్టరమ్మ కలం ఒక్క క్షణం ఆగడం ఆయన చూశాడు. మరి మీరు ఎంత అని దర్జీని అడిగింది. దర్జీ నేల చూపులు చూశాడు.

"నేను తాగలేదండీ. వాసన పడక తొట్టిలో పోసేశాను." తర్వాత ఈయన వైపు తిరిగాడు. "ఏమనుకోకన్నయ్యా. నాకిది అలవాటే."

అలవాటే! ఆ తొట్టిలోకి ఎన్నేళ్ళుగా ఏమేమి పోయాయో అడిగే ఓపిక ఆయనకి లేదు. డాక్టరమ్మ ఇంకో ప్రశ్న వేసింది. ఈ చెట్టు పళ్ళు తిని ఇంతకుముందు ఎవరికైనా ఇలా అయిందా? లేదండీ, ఇరవై ఏళ్ళలో ఎవ్వరికీ ఏమీ కాలేదు అని ఆయన గట్టిగా చెప్పాడు. నిజమని నమ్మే చెప్పాడు.

పక్క మంచం మీద నుంచి జోడీ నీరసంగా తల తిప్పాడు.

"అదేంటి మేస్త్రీ. పళ్ళు నావి, వాంతులు ఆవిడవి అంటావు కదా ఎప్పుడూ."

ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. ఔను. తొలికాపు ఏడాది. భార్య దోసెడు పళ్ళు కాడలతోనే నమిలి, ఆ మధ్యాహ్నం నుంచి మర్నాడు పొద్దుటి దాకా కక్కుతూనే ఉంది. ఈ పళ్ళలో ఏదో ఉందండీ అని చెప్పింది. నా చెట్టుకేం రోగం, నీ కడుపే అంత అని ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. వెళ్ళి, ఆ మాటని జోకుగా కట్టి అందరికీ చెప్పాడు. బాగా పేలింది. బాగా పేలిన జోకుని ఎవరు వదులుకుంటారు? పెళ్ళిళ్ళలో చెప్పాడు, పదవీ విరమణ సభల్లో చెప్పాడు, ఆమె పక్కన నిలబడి ఉండగానే చెప్పాడు. చెప్పగా చెప్పగా అందులో జోకు మిగిలింది, అసలు జరిగింది మాత్రం ఆయన బుర్రలోంచి చెరిగిపోయింది. ఇరవై ఏళ్ళుగా తన నోటితో తనే ఊరందరికీ చాటిన హెచ్చరిక తన చెవిన మాత్రం పడలేదు.

భార్యకి ఫోన్ చేశాడు. అక్కకి బాగాలేదు, పళ్ళరసం తాగింది అన్నాడో లేదో, అవతల నుంచి ఒక్క మాటే వచ్చింది: "కాచారా?" లేదన్నాడు. వెంటనే బస్సెక్కుతున్నానంది.

సాయంత్రానికి చేతిసంచితో నేరుగా ఆసుపత్రికే వచ్చింది. తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె నర్సుతో మాట్లాడి, ఎప్పుడూ తన దగ్గరే ఉంచుకునే వదిన గుండె మాత్రల చీటీ సంచిలోంచి తీసి ఇచ్చి, వచ్చి పక్కన కూర్చుంది. నాకెందుకు సరిగ్గా చెప్పలేదు, విషమని ఎందుకు చెప్పలేదు అని ఆయనే అడిగాడు. అడిగే హక్కు తనకి ఉందా లేదా అని కూడా ఆలోచించలేదు.

"చెప్పానండీ," అంది ఆమె. "మీరు నవ్వారు. అందర్నీ నవ్వించారు. ఇక మళ్ళీ ఎందుకులే అని నేనే తలుపేసుకుని కాచుకున్నాను."

మాటలో కోపం కూడా లేదు. ఉంటే దేనికో దానికి జవాబు చెప్పేవాడు. ఆయన గోడకి తల ఆనించి, పండు కోసిచ్చిన ప్రతి మొహాన్నీ ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకోసాగాడు. ఏ తలూపడం నిజం, ఏ తలూపడం అబద్ధం? ఒక్కదాని గురించి కూడా గట్టిగా చెప్పలేకపోయాడు. లోపల అక్క బీపీ నిలబడడం లేదనీ, ఒంట్లో నీరంతా పోయి గుండె మీద భారం పడిందనీ, పొద్దుటిదాకా ఏమీ చెప్పలేమనీ అన్నారు. ఆమె పోతే చంపింది నేనే. ఆ ఆలోచన దగ్గరికి వెళ్ళడం, భయపడి వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. తెల్లవార్లూ అదే పని.

తెల్లవారి ఎనిమిది గంటలకి నర్సు వచ్చి, గండం గడిచింది, తెలివిలోకి వచ్చారు, ఇద్దరు వెళ్ళి చూడండి అంది. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించింది.

అక్క దిండు మీద ఇంకా చిన్నగా కనిపించింది. తమ్ముణ్ణి చూసి నవ్వింది. ఆయన మంచం పక్కన కూలబడి, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, చెట్లు రెండూ ఇవాళే నరికేస్తాననీ, జన్మలో ఇంకొకరి నోటికి ఏదీ అందించననీ, తెలియక చేశాననీ ఏడుస్తూ చెప్పుకున్నాడు. రుచిలోనే తేడా తెలియవలసింది, నాకు తెలియలేదక్కా అన్నాడు.

"నాకు తెలిసిందిరా," అంది ఆమె. గొంతు జీరగా ఉంది. "మొదటి గుక్కకే. నోరంతా విషమైపోయింది."

ఆయన ఏడుపు ఆగిపోయింది.

"మరి బాగుందన్నావు కదక్కా."

"ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తుంటివి. చిన్నప్పటి నుంచీ అంతే కదా నువ్వు."

"రెండో గ్లాసు ఎందుకు తాగావు మరి?"

దానికి కూడా జవాబు చెప్పాలా అన్నట్టు చూసిందామె.

"బాగుందని చెప్పాక వద్దంటే నీకు తెలిసిపోదురా?"

భార్య సీసాలోని నీళ్ళు గ్లాసులో పోసి, వదినకి దాహంగా ఉంటుంది పట్టండి అని చేతికిచ్చింది. ఆయన గ్లాసు అందుకుని అక్క పెదాల దాకా తీసుకెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. ఆమె తమ్ముడి మొహంలోకి చూస్తూ, అలవాటుగా నోరు తెరిచింది. గ్లాసు వెనక్కి తీసుకుని, ముందు తను ఒక గుక్క తాగాడు.